వాపెక్కిన వేళ్లకు వ్యాయామమా?

ఉదయం లేవగానే వేళ్లు ముడుచుకోవు. కొళాయి తిప్పాలన్నా, చొక్కా గుండీ పెట్టుకోవాలన్నా కొంతసేపు ఆగాలి. రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉన్న చాలామందికి ఇది నిత్యానుభవం. శరీరాన్ని కాపాడవలసిన రక్షణ వ్యవస్థే కీళ్ల లోపలి పొర మీద దాడి చేయడం వల్ల వచ్చే జబ్బు ఇది. ‘చేతులకు పని చెప్పకు’ అని ఇంట్లోవాళ్లు ప్రేమకొద్దీ అంటారు. కానీ పని లేని కండరం బలం కోల్పోతుంది, కదలని కీలు ఇంకా బిగుసుకుంటుంది.

వ్యాయామంతో కీళ్లు మరింత అరిగిపోతాయేమోనన్న భయం వైద్యుల్లోనూ ఉండేది. బ్రిటన్‌లో ‘సారా’ పేరుతో జరిగిన పరిశోధన దానికి సూటిగా జవాబిచ్చింది. ప్రభుత్వ వైద్యసేవకు చెందిన 17 కేంద్రాల్లో 490 మంది ఇందులో పాల్గొన్నారు. సగం మందికి మామూలు చికిత్స, సలహాలు అందాయి. మిగతా సగానికి వాటితోపాటు చేతి వ్యాయామాలూ నేర్పారు. ఏడాది తర్వాత చేతి పనితనాన్ని వందకు లెక్కగట్టి చూస్తే, వ్యాయామం చేసినవారు దాదాపు 8 పాయింట్లు మెరుగుపడ్డారు, మిగతావారు 4 లోపే. నొప్పి పెరగలేదు. 2015లో లాన్సెట్ అనే వైద్య పత్రిక ఈ ఫలితాలను ప్రచురించింది.

ఆ వ్యాయామాల్లో నాకు బాగా నచ్చినది వేళ్ల నడక. ఈ జబ్బులో వేళ్లు క్రమంగా చిటికెనవేలి వైపు వాలిపోతుంటాయి. అందుకే అరచేతిని బల్ల మీద ఆనించి, ముందు చూపుడువేలిని, తర్వాత మధ్యవేలిని, అలా ఒక్కొక్కదాన్నీ బొటనవేలి వైపు జరపాలి. చూడటానికి చిన్న కదలికే, కానీ జబ్బు లాగుతున్న దిక్కుకు సరిగ్గా ఎదురు వెళ్తుంది. చేతిని తల వెనక్కీ నడుము వెనక్కీ తీసుకెళ్లే కదలికలూ ఉన్నాయి. భుజం బిగుసుకుంటే జడ వేసుకోవడం ఎంత కష్టమో పడినవారికే తెలుసు. బలం కోసం చపాతీ పిండి ముద్దలాంటి వ్యాయామపు పుట్టీని పిడికిట్లో నొక్కడం, రబ్బరు పట్టీ బిగువుకు ఎదురుగా మణికట్టును కదపడం చేయిస్తారు.

ఒక హెచ్చరిక తప్పనిసరి. సారా పరిశోధనలో పాల్గొన్నవారు కనీసం మూడు నెలలుగా ఒకే మందుల మీద నిలకడగా ఉన్నవారు. వ్యాయామం మందులకు బదులు కాదు. కీలు వేడెక్కి, ఎర్రబడి ఉబ్బినప్పుడు బలం పెట్టే వ్యాయామాలు ఆపి, ఫిజియోథెరపిస్టును అడగాలి.

రెండేళ్లు దాటాక మళ్లీ చూస్తే రెండు గుంపుల మధ్య తేడా చాలావరకు తగ్గిపోయింది. అందుకే వ్యాయామం అలవాటుగా నిలవాలి. ఏ వేళకు, ఎక్కడ కూర్చుని చేస్తారో రోగే ముందుగా కాగితం మీద రాసుకునే పద్ధతి ఈ కార్యక్రమంలో ఉంది; దాన్ని నేను చిన్న విషయంగా చూడను. ఉదయం కాఫీ తాగే బల్ల దగ్గరైతే, వేళ్లను నడిపించడానికి అదే బల్ల సరిపోతుంది.