కొత్తిమీరకని వెళ్ళి

చిరంజీవులు చిన్నూకీ బుజ్జికీ బెంగళూరు యలహంక నుంచి తాత ఆశీస్సులు.

పోయిన ఆదివారం మీరిద్దరూ సోఫాలో పడి దొర్లి నవ్వారు కదా, "కొత్తిమీరకని వెళ్ళి కొత్తిమీర తప్ప అన్నీ తెచ్చాడు తాత" అని. మీ అవ్వ మాత్రం నవ్వలేదు. సాంబారు పొయ్యి మీద ఉంది మరి. "అసలెందుకు కొన్నావు తాతా ఇవన్నీ?" అని బుజ్జి అడిగితే ఏదో చెప్పి తప్పించుకున్నాను. మీరు మారతహళ్ళి వెళ్ళిపోయాక సూపర్ మార్కెట్ బిల్లు ముందు పెట్టుకుని కూర్చున్నా.

పెరుగు 38, పచ్చిమిరపకాయలు 22. అవ్వ చీటీలో రాసిచ్చినవాటిలో ఇంటికి చేరినవి ఈ రెండే. మిగతావి వినండి. ఒకటి కొంటే ఒకటి ఉచితమన్న ఓట్స్ 199, అగరుబత్తీలు 60, గదిలో కొట్టే సెంటు 149, కొర్రల నూడుల్స్ 85, డబ్బు కట్టే చోట మీకోసమని తీసిన చాక్లెట్లు 40. మొత్తం 593. అరవై రూపాయల పనికి వెళ్ళి దాదాపు పదింతలు వదిలించుకొచ్చాను. చీటీ చొక్కా జేబులోనే ఉంది. ఒక్కసారి కూడా తీసి చూడలేదు.

సిగ్గెందుకంటే, నేను అంగడివాడి కొడుకుని. హిందూపురంలో మా నాయనది చిల్లరంగడి. చెక్కబల్లకు ఇవతల కొనేవాళ్ళు, అవతల నాయన, ఆయన వెనక బస్తాలూ డబ్బాలూ. ఏం కావాలన్నా నోరు తెరిచి అడగాల్సిందే. అరకిలో కందిపప్పు, పావుకిలో బెల్లం, వంద గ్రాముల జీలకర్ర. నాయన తూచి, పాత పేపర్లో పొట్లం కట్టి, పురికొస రెండు చుట్లు చుట్టి తెంపేవాడు. "ఇంకేం కావాల?" అనేవాడు. దానికి బదులు చెప్పేలోపు జేబులో ఎంతుందో మనిషికి గుర్తొస్తుంది. పైగా వెనక నలుగురు నిలబడి వింటుంటారు. అక్కర్లేనిది పైకి అడగడానికి నోరు రాదు. ఆ కాలం వాళ్ళు మనకంటే నిగ్రహం ఉన్నవాళ్ళని నేను అనుకోను. అడగాల్సి రావడమే వాళ్ళకు అడ్డు పడింది, అంతే.

నాయన కూడా మరీ అమాయకుడేం కాదు. బల్ల మీద, సరిగ్గా పిల్లల కంటికి ఎదురుగా, పిప్పరమెంట్ల గాజుసీసా ఉండేది. ఒకసారి బల్ల తుడిచి దాన్ని గోడవైపు పెట్టానని నాకు మొట్టికాయ పడింది. ఎందుకు పడిందో చాన్నాళ్ళకు గానీ తెలియలేదు.

ఆ బల్లను తీసేసినవాడు అమెరికాలో క్లారెన్స్ సాండర్స్. 1916లో మెంఫిస్‌లో పిగ్లీ విగ్లీ అని అంగడి తెరిచి, జనాన్నే లోపలికి వెళ్ళి కావలసినవి తీసుకోమన్నాడు. గుమస్తాల ఖర్చు తగ్గుతుంది కదా. దాంతో అడిగే పని పోయింది, చేయి చాపితే చాలు. తర్వాత 1937లో ఓక్లహామా సిటీలో సిల్వన్ గోల్డ్‌మన్ అనే అంగళ్ళ యజమాని చక్రాల బండి పెట్టాడు. చేతిబుట్ట బరువెక్కితే జనం ఇక చాలనుకునేవాళ్ళు, ఆ బరువు లేకుండా చేశాడన్నమాట. మొదట్లో ఎవరూ దాన్ని ముట్టకపోతే, కూలికి మనుషుల్ని పెట్టి అంగట్లో అటూ ఇటూ తోయించాడట. ఆదివారం నేను తోసింది కూడా బండినే. కొత్తిమీర కట్టకు బండెందుకని అడగొద్దు.

అనుకోకుండా కొనేవాటిని నాలుగు రకాలుగా విడదీశాడు హాకిన్స్ స్టెర్న్ అనే ఆయన, 1962లో రాసిన ఒక వ్యాసంలో. నా బిల్లుకు ఆయన లెక్క భలే అతికింది. చూడగానే మనసు పుట్టి, ముందూ వెనకా చూడకుండా తీసుకునేది ఒకటి. కొర్రల నూడుల్స్ అదే. కొర్రల్ని నూడుల్స్ చేశారా అన్న వింత తప్ప నాకు దాంతో పనేముంది? చూశాక, అయ్యో ఇంట్లో అయిపోయింది కదా అని గుర్తొచ్చేది రెండోది. అగరుబత్తీలు నిజంగానే అయిపోయాయి, దానికి నన్ను తిట్టకండి. అంతకుముందెన్నడూ ఎరగని వస్తువును చూసి, ఇది మనకు కావాలేమో అని అప్పటికప్పుడు ఒక అవసరం అల్లుకునేది మూడోది. గదిలో సెంటు! డెబ్బై ఏళ్ళు కిటికీ తెరిచి బతికినవాణ్ణి. ఆఫర్ ఏముంటే అది తెద్దాంలే అని ఇంటి దగ్గరే అనుకుని వెళ్ళేది నాలుగోది. ఓట్స్ ఇందులోకి వస్తాయని నేనంటాను, అవ్వ ఒప్పుకోదు.

ఈ ఓట్స్ సంగతి కాస్త చెప్పాలి. సోమవారం కొత్తిమీర కోసం మళ్ళీ వెళ్ళినప్పుడు అలమర ముందు నిలబడి లెక్క వేశా. 400 గ్రాముల ప్యాకెట్లు రెండు కలిపి 199, అంటే గ్రాము 25 పైసలు. దాని కింద, నేను వంగితే తప్ప కనబడని అరలో, కిలో ప్యాకెట్ 185. గ్రాము పద్దెనిమిదిన్నర పైసలు. ఉచితమన్నదే ఖరీదు! గ్రాముకో కిలోకో ఎంత పడుతుందో ప్యాకెట్ మీద అచ్చు వేయాలని ఇప్పుడు రూల్ ఉంది. చిన్నూ, నీ కళ్ళు మంచివి కదా, ఈసారి ఆ చిన్న అక్షరాలు నువ్వు చదివి పెట్టు. మా నాయన కూడా తూకం అయ్యాక ఓ బెల్లం ముక్క కొసరు వేసేవాడు. కానీ కొసరు కోసం అసలు కొన్నవాణ్ణి నేనక్కడ చూడలేదు.

పాలూ పెరుగూ ఎప్పుడూ ఆ చివరే ఎందుకుంటాయని బుజ్జి అడిగింది. ఫ్రిజ్‌లను వెనక నుంచి నింపడం సులువని కొందరంటారు. కావచ్చు. దారి మాత్రం బిస్కెట్ల మీదుగానే. పైన పాట వినబడుతుంది చూశారా, అది కూడా ఊరికే పెట్టరు. నిదానమైన సంగీతం పెడితే జనం నెమ్మదిగా నడుస్తారనీ, ఎక్కువ కొంటారనీ రోనాల్డ్ మిల్లిమన్ అనే పరిశోధకుడు ఒక సూపర్ మార్కెట్లో చేసిన పరిశీలన గురించి 1982లో రాశాడు.

తాత ఒక్కడే మోసపోయాడని సంబరపడకండి. మొన్న చిన్నూ ఫోన్లో గమ్ సీసా ఆర్డర్ చేస్తూ, 25 రూపాయల డెలివరీ ఛార్జీ తప్పించుకోవడానికి 60 రూపాయల చిప్స్ కలిపాడు. నేను చూశాలే. ఫోన్లో అయితే చేయి చాపే పని కూడా లేదు, వేలు చాలు. మనం అడగనిది బుట్టలోకి దూర్చడం, లేని తొందర పెట్టడం లాంటివి 13 ఏరి, చేయకూడదని కేంద్ర ప్రభుత్వం 2023లో మార్గదర్శకాలు ఇచ్చింది. ఇంకో 60 రూపాయలవి కొను అని ఊరించడం మాత్రం అందులో ఉన్నట్టు లేదు.

ఇప్పుడు కూరగాయలకు నేను హాప్‌కామ్స్ స్టాల్‌కే పోతున్నా. పండ్లూ కూరగాయలూ అమ్మే రైతుల సహకార సంఘం అది, 1959లో ద్రాక్ష రైతుల సంఘంగా మొదలైంది. బయట ధరల బోర్డు, లోపల ఒక మనిషి, ఒక తక్కెడ. కొత్తిమీర తీసి పెట్టి "ఇన్నేన్ బేకు సార్?" అంటాడు. అచ్చం నాయన మాటే, కన్నడంలో. నేను "సాకు" అంటాను. మీకు స్కూల్లో కన్నడం ఉంది కాబట్టి తెలుసు, సాకు అంటే చాలు అని. మన తెలుగులో సాకు అంటే ఏమిటో అమ్మను అడగండి. ఆదివారం బండి తోస్తూ నేను వెతుక్కున్నవన్నీ ఆ తెలుగు సాకులే.

చీటీ ఇప్పుడు జేబులో కాదు, ఎడంచేతిలో పట్టుకుంటున్నా. ఫోన్ ఇంట్లో పెట్టి 200 నోటు ఒక్కటే తీసుకెళ్తున్నా. నిన్న ఆ నోటు కూడా సరిపోక పచ్చి కొబ్బరికాయ ఒకటి వెనక్కి ఇచ్చేశా. నలుగురి ముందు కాస్త చిన్నతనంగానే అనిపించింది.

నూడుల్స్ వచ్చే ఆదివారం మీరే తినాలి, అవ్వ వండనంటోంది, నేను వండుతా. ఓట్స్ ప్యాకెట్లు రెండూ విప్పకుండానే ఉన్నాయి. మీ అమ్మకు కావాలేమో కనుక్కోండి.

మీ తాత