విశ్వస్థిరాంకం, అధిక పరిమాణాలు: అపోహలు - వాస్తవాలు

నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల్లో ఎమ్మెస్సీ విద్యార్థులకు సాధారణ సాపేక్ష సిద్ధాంతం (ఐన్‌స్టీన్ గురుత్వ సిద్ధాంతం) చెప్పే నాకు ఏటా ఎదురయ్యే అపోహల్లో ఈ మొదటిదే అన్నిటికంటే లోతుగా నాటుకుపోయింది.

అపోహ: విశ్వస్థిరాంకం (ఖాళీ స్థలానికే ఉండే వికర్షణను సూచించే సంఖ్య) ఐన్‌స్టీన్ తన గురుత్వ సమీకరణంలో బలవంతంగా చేర్చి, ఆనక పొరపాటని తీసేసిన పదం.

వాస్తవం: విశ్వం నిశ్చలమని నమ్మి 1917లో ఆయన దాన్ని చేర్చిన మాట, విశ్వం వ్యాకోచిస్తోందని హబుల్ పరిశీలనలు చూపాక 1931లో వదులుకున్న మాట నిజమే. అయితే చేర్చిన కారణం తప్పయినంత మాత్రాన ఆ పదం తప్పయిపోదు. నాలుగు పరిమాణాల (స్థలానివి మూడు, కాలానిది ఒకటి) స్థలకాలంలో మెట్రిక్‌తోనూ (దూరాలను, కాలవ్యవధులను కొలిచే సంఖ్యల పట్టిక), దాని మొదటి, రెండో అవకలజాలతోనూ (మార్పు రేట్లతోనూ) మాత్రమే ఏర్పడి, శక్తి నిత్యత్వానికి భంగం కలిగించని టెన్సర్లు (ఇలాంటి పట్టికలు) రెండే రెండని 1971లో గణితజ్ఞుడు లవ్‌లాక్ నిరూపించారు: ఒకటి స్థలకాల వక్రతను తెలిపే ఐన్‌స్టీన్ టెన్సర్, రెండోది మెట్రిక్. ఆ మెట్రిక్ ముందుండే గుణకమే లామ్డా, అంటే విశ్వస్థిరాంకం. కాబట్టి లామ్డా సున్నా అనేవారే అందుకు కారణం చూపాలని నేను విద్యార్థులకు గట్టిగా చెబుతాను. సుదూర సూపర్‌నోవాలను (పేలిపోయే నక్షత్రాలను) గమనించిన రెండు బృందాలు విశ్వవ్యాకోచం వేగం పుంజుకుంటోందని 1998లో ప్రకటించాక (2011 నోబెల్ బహుమతి దీనికే) ఆ పదం సమీకరణంలోకి తిరిగివచ్చింది. లామ్డాకు క్వాంటం సిద్ధాంతం ఇచ్చే సాధారణ అంచనా మాత్రం కొలిచిన విలువకు 10 ఘాతం 120 రెట్లు వస్తుంది. ఈ రంగంలో నన్ను అన్నిటికంటే కలవరపెట్టేది ఇదే.

అపోహ: లామ్డా వల్ల సౌరకుటుంబం కూడా సాగిపోతోంది.

వాస్తవం: భూమి దగ్గర సూర్యాకర్షణతో పోలిస్తే లామ్డా వికర్షణ కోటి కోటి కోట్లలో ఒక వంతు కూడా ఉండదు.

అపోహ: అధిక పరిమాణాలంటే పైలోకాలు.

వాస్తవం: ఒక వస్తువు ఎక్కడుందో చెప్పడానికి ఎన్ని స్వతంత్ర సంఖ్యలు కావాలో అన్ని పరిమాణాలు. కృష్ణపట్నం రేవు దాటిన పడవకు అక్షాంశ రేఖాంశాలు చాలు, దాని మీదుగా ఎగిరే పక్షికి ఎత్తు కూడా కావాలి. ఐన్‌స్టీన్ సమీకరణాన్ని ఎన్ని పరిమాణాల్లోనైనా రాయవచ్చు. 1921లో గణితజ్ఞుడు కలూజా ఐదింటిలో రాసి, అందులోనే విద్యుదయస్కాంత సమీకరణాలను కూడా రాబట్టారు, ఆ ఐదో పరిమాణం అతి చిన్న వలయంగా చుట్టుకుని ఉండవచ్చని 1926లో భౌతిక శాస్త్రవేత్త క్లైన్ సూచించారు. పైన చెప్పిన లవ్‌లాక్ ఫలితం కూడా అక్కడ మారిపోతుంది: ఐదు పరిమాణాల్లో వక్రత వర్గాలతో ఏర్పడే మూడో టెన్సర్‌కు చోటు దొరుకుతుంది, కనుక సమీకరణం అంత ఏకైకంగా నిలవదు. అదనపు పరిమాణాలు తగినంత పెద్దవైతే, దగ్గరి దూరాల్లో గురుత్వం విలోమ వర్గ నియమాన్ని (దూరం రెట్టింపైతే బలం నాలుగో వంతు అవుతుందనే నియమాన్ని) దాటి బలపడాలి. మిల్లీమీటరులో సుమారు ఇరవయ్యో వంతు దూరం దాకా సాగిన ప్రయోగాల్లో అలాంటి తేడా కనిపించలేదు.