చెన్నైలో తెలుగు విద్యార్థి: హాస్టల్ గది నుంచి కౌన్సెలింగ్ గది దాకా

చెన్నై శివార్లలోని ఇంజనీరింగ్ ప్రాంగణాల్లో చేరే తెలుగు పిల్లలు మొదట నేర్చుకునే తమిళ మాటల్లో 'సాప్టియా' ఒకటి. వాచ్‌మన్ అడిగే ఆ ప్రశ్నకు 'తిన్నావా' అని అర్థమని రెండు రోజుల్లో తెలిసిపోతుంది. తప్పిన సబ్జెక్టును మన దగ్గర బ్యాక్‌లాగ్ అంటే ఇక్కడ అరియర్ అంటారన్న సంగతి మాత్రం మొదటి సెమిస్టర్ ఫలితాలు వచ్చినప్పుడు తెలుస్తుంది. ఈ రెండు మాటలకూ మధ్య గడిచే నెలల్లో ఆ పిల్లవాణ్ణి ఎవరు కనిపెట్టుకుని ఉండాలన్నదానికి ఒక్కో కాలం ఒక్కో జవాబు చెప్పింది.

1857లో మద్రాసు విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక, 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం వచ్చేదాకా, కోస్తా, రాయలసీమ జిల్లాల వారికి పట్టా ఇచ్చింది ఈ ఊరే. ఇక్కడికి రావడమంటే తమ రాజధానికి రావడమే. ఆనాటి జవాబు వసతి. మద్రాస్ క్రిస్టియన్ కాలేజీ 1937లో తాంబరానికి తరలినప్పుడు సేలయూర్, సెయింట్ థామస్, బిషప్ హీబర్ హాళ్లు విద్యార్థికి పడక మాత్రమే కాక, 'మా హాలు' అని చెప్పుకునే ఒక గుర్తింపును కూడా ఇచ్చాయి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం విడిపోవడంతో తెలుగు విద్యార్థి ఇక్కడ పొరుగు రాష్ట్రం వాడయ్యాడు. 1959లో మొదలైన ఐఐటీ మద్రాసులో హాస్టళ్లకు గోదావరి, కృష్ణ వంటి నదుల పేర్లు పెట్టారు గానీ, పేరు వల్లనే గది సొంతమైపోదు కదా.

ఆ తర్వాతి మలుపు భయం వల్ల వచ్చింది. 1996లో అన్నామలై విశ్వవిద్యాలయంలో ఒక వైద్య విద్యార్థి ర్యాగింగ్‌లో హత్యకు గురయ్యాక తమిళనాడు 1997లో ర్యాగింగ్ నిషేధ చట్టం చేసింది. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్ కూడా చేసింది. సుప్రీంకోర్టు నియమించిన రాఘవన్ కమిటీ సిఫారసుల తర్వాత, 2009లో విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) తెచ్చిన నిబంధనలు కొత్తవారిని వీలైనంతవరకు వేరే బ్లాకులో ఉంచాలనీ, చిన్న బృందాలుగా చేసి ఒక్కో అధ్యాపకుడికి అప్పగించాలనీ చెప్పాయి. అది అవసరమైన పనే, అందులో సందేహం లేదు. అయితే ఏ మెస్‌లో పప్పు బాగుంటుందో, ఏ లోకల్ రైలెక్కితే సెంట్రల్ చేరతామో, అరియర్ పడితే ఇంట్లో ఎలా చెప్పాలో నేర్పే ఒంగోలు సీనియర్ కూడా ఆ గోడకు అవతలే ఉండిపోయాడు. బృందాన్ని అప్పగించుకున్న అధ్యాపకుడు ఆ లోటు తీర్చిన చోట్లు తక్కువేనని నా అభిప్రాయం.

ఇంటర్ రెండేళ్లూ రెసిడెన్షియల్ కాలేజీలో, తెల్లవారుజాము స్టడీ అవర్ నుంచి రాత్రి స్టడీ అవర్ దాకా గంటల చొప్పున నడిపించిన పిల్లలకు ఈ లోటు మరింత ఎక్కువగా తగులుతుంది. అంతవరకూ ఊపిరాడనివ్వని కాపలా, ఇక్కడికి రాగానే పలకరించే దిక్కు లేకపోవడం.

ఇప్పటి జవాబు కౌన్సెలింగ్. 2022 అక్టోబరు 10న, మానసిక ఇబ్బందులకు ఫోనులో సలహా ఇచ్చే ప్రభుత్వ సేవ టెలీ మానస్ 14416 నంబరుతో మొదలైంది. అందులో తెలుగులో మాట్లాడవచ్చు. విశాఖలో నీట్‌కు సిద్ధమవుతున్న 17 ఏళ్ల విద్యార్థిని మృతి కేసులో 2025 జులై 25న తీర్పిస్తూ సుప్రీంకోర్టు దేశంలోని విద్యాసంస్థలన్నింటికీ 15 మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న చోట కనీసం ఒక అర్హుడైన కౌన్సెలర్ ఉండాలి. పరీక్షల వేళ, చదువులో ఒక దశ నుంచి మరో దశకు మారే వేళ, చిన్న బృందాలకు మెంటర్లో కౌన్సెలర్లో ఉండాలి.

సంఖ్య కుదిరినా భాష మిగులుతుంది. కౌన్సెలింగ్ గది బయట కూర్చున్న ఫస్టియర్ కుర్రాడి చేతికి ఇంగ్లిష్ ఫారం వస్తే, అందులో స్ట్రెస్, యాంగ్జయిటీ, డిప్రెషన్ అని గళ్లుంటాయి. వాడికున్నది బెంగ. అమ్మ ఫోనులో 'బెంగ పెట్టుకున్నావా నాన్నా' అని అడిగితే గొంతు పూడుకుపోయేవాడు, ఆ మాటకు గడి కనబడక, పెన్ను మూతపెట్టి 'నథింగ్ సార్' అని లేచిపోతాడు.