తొలి తెలుగు కథానాయిక సురభి నుంచే ఎందుకు వచ్చింది?

ఏటా ఫిబ్రవరి 6 దగ్గర పడేసరికి తెలుగు సినిమా పుట్టినరోజు చర్చ మళ్లీ మొదలవుతుంది. చాలాకాలం అందరూ 1931 సెప్టెంబర్ 15 అనే చెప్పుకున్నారు. పాత్రికేయుడు రెంటాల జయదేవ పాత పత్రికలూ సెన్సారు వివరాలూ తిరగేసి, ‘భక్త ప్రహ్లాద’ 1932 జనవరిలో సెన్సారై ఫిబ్రవరి 6న బొంబాయి కృష్ణా థియేటర్లో విడుదలైందని చూపించాక లెక్క మారింది. తేదీ తేలింది, సంతోషం. నాకు మాత్రం తేదీ కన్నా ఆ సినిమాలో ఎవరెవరు నటించారన్నదే ఆసక్తి. హిరణ్యకశిపుడు మునిపల్లె సుబ్బయ్య, లీలావతి సురభి కమలాబాయి. మొదటి తెలుగు టాకీ హీరోయిన్ ఆమే అన్న సంగతి క్విజ్ పుస్తకాల్లో కూడా ఉంటుంది. ఆ వేషం ఆమెకు అదృష్టం కొద్దీ తగిలిందేమీ కాదు. ఆనాటి తెలుగునేలను జల్లెడ పట్టినా స్టేజీ మీద ఆడవేషం కట్టే ఆడపిల్లలు దొరికే చోట్లు చాలా తక్కువ. అందులో అన్నిటికన్నా పెద్దది సురభి నాటక సమాజం.

దీని వెనకాల యాభై ఏళ్ల కథ ఉంది. ఆధునిక తెలుగు నాటక ప్రదర్శనకు 1880ని మొదటి సంవత్సరంగా లెక్కేస్తారు. ధార్వాడ నాటక సమాజం రాజమండ్రి వచ్చి ఆడి వెళ్లాక, కందుకూరి వీరేశలింగం తన విద్యార్థులతో నాటకం వేయించారు. విద్యార్థులంటే మగపిల్లలే. ఆడవేషాలూ వాళ్లే కట్టారు. తర్వాత బళ్లారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యుల సరస వినోదిని సభలోనూ, కోస్తా సమాజాల్లోనూ అదే పద్ధతి సాగింది. పాటా ఆటా వచ్చిన ఆడవాళ్లు లేక కాదు, ఆటపాటలే వృత్తిగా ఉన్న కలావంతుల ఇళ్లలో బోలెడంత మంది ఉన్నారు. అయితే ఆ వృత్తి మీదే సంఘసంస్కర్తలు యుద్ధం ప్రకటించారు. అందులో ముందున్నదీ వీరేశలింగమే. కొత్త నాటకం పెద్దమనుషుల నాటకం కావాలంటే భోగంమేళం వాసన తగలకూడదు. సంసారస్త్రీ స్టేజీ ఎక్కదు, కలావంతుల స్త్రీని ఎక్కించరు. ఇక మిగిలింది మీసం గొరిగించుకున్న మగవాడే.

ఈ పద్ధతిని తక్కువ చేసి మాట్లాడితే పొరపాటు. బాపట్ల స్థానం నరసింహారావు సత్యభామగా ‘మీరజాలగలడా’ అని పాడుతుంటే జనం వన్స్‌మోర్ల మీద వన్స్‌మోర్లు కొట్టేవారు. చిత్రాంగి, రోషనార, మధురవాణి, ఏ వేషం కట్టినా పేరే. 1956లో పద్మశ్రీ కూడా ఇచ్చారు. మరాఠీవారికి బాలగంధర్వ ఎలాగో మనకు స్థానం అలాగ.

కడప జిల్లాలో కథ వేరుగా నడిచింది. సొరుగు అనే పల్లెలో, దాన్నే తర్వాత సురభి అన్నారు, 1885లో వనారస గోవిందరావు బృందం ‘కీచకవధ’ ఆడింది. వీళ్లు మరాఠా మూలాలున్న తోలుబొమ్మలాట కుటుంబాలవాళ్లు. బొమ్మలాటలో తెర వెనక బొమ్మను ఆడించేది, గొంతు ఇచ్చేది ఇంటిల్లిపాదీ. సీత మాట, ద్రౌపది పద్యం ఆ ఇంటి ఆడవాళ్ల నోటివే. అలాంటి కుటుంబాలు బొమ్మలు పక్కనపెట్టి తామే వేషం కట్టినప్పుడు ఆడవాళ్లు తెర వెనక నుంచి ముందుకు రావడానికి పెద్ద అడ్డేమీ లేకపోయింది. మొగుడు భీముడు, పెళ్లాం ద్రౌపది, మరిది కీచకుడు. పరాయివాళ్లెవరూ లేరు గనక పరువు గొడవా తక్కువే. పిల్లలు పుడితే వాళ్లకూ వేషం సిద్ధం. సంస్కర్తలు ఏళ్ల తరబడి తేల్చుకోలేకపోయిన సమస్యను ఈ సంచార కుటుంబాలు సిద్ధాంతమేమీ చెప్పకుండా, వంటపని పంచుకున్నంత మామూలుగా తేల్చేశాయి.

ఆ కుటుంబాల్లో కృష్ణాజీరావు, వెంకూబాయి దంపతులకు 1907లో పుట్టారు కమలాబాయి. పుట్టుక గురించి సురభివాళ్లు ఇప్పటికీ చెప్పుకునే కథ ఒకటుంది. నిండు గర్భిణి వెంకూబాయి దమయంతి వేషంలో ఉండగా స్టేజీ మీదే నొప్పులు మొదలయ్యాయట. ఆ బాధంతా అభినయమే అనుకొని జనం చప్పట్లు కొట్టారట. గబగబా తెర దించారు, పురుడు అక్కడే అయింది. సంగతి తెలిసిన ప్రేక్షకులు పసిబిడ్డకు డబ్బులు చదివించి మరీ వెళ్లారంటారు. చెప్పుకునే కథల్లో ఎంతో కొంత ఉప్పూకారం పడకుండా ఉండదు. కానీ నెలలు నిండినా వేషం ఆపకపోవడం, అవసరమైతే తెర చాటునే పురుడు పోసుకోవడం ఊరూరా తిరిగే నాటక కుటుంబంలో నమ్మలేని విషయాలేం కావు.

ఆ పిల్ల బాలకృష్ణుడు, ప్రహ్లాదుడు, లవుడు లాంటి వేషాలతో మొదలుపెట్టి ఆడవేషాలకు ఎదిగింది. ఇక్కడ లెక్క తిరగబడిందన్నమాట. బయటి సమాజాల్లో మగవాళ్లు ఆడవేషం కడుతుంటే, సురభిలో ఆడపిల్లలు మగవేషం కట్టేవారు. మైకులు లేని రోజులు. పద్యం ఎత్తుకుంటే చివరి వరుసలో నేల మీద కూర్చున్నవాడికి కూడా మాట మాట వినబడాలి. ఆ శిక్షణ కమలాబాయికి చిన్ననాడే అబ్బింది.

ఇక సినిమా సంగతి. 1913లో ఫాల్కే ‘రాజా హరిశ్చంద్ర’ తీసినప్పుడు తారామతిగా నటించింది సాలుంకే అనే మగవాడు. ఆ తర్వాతి ‘మోహినీ భస్మాసుర్’కి దుర్గాబాయి కామత్, ఆమె కూతురు కమలాబాయి దొరికారు. వీళ్లూ మరాఠీ నాటకాల వాళ్లే, ఆ కమలాబాయే తర్వాత కమలాబాయి గోఖలే. నాటకాల ఇంట పుట్టి తెరకెక్కిన ఇద్దరు కమలాబాయిలు! మనవైపు చూస్తే, రఘుపతి వెంకయ్య కొడుకు ప్రకాష్ 1921లో మద్రాసులో ‘భీష్మ ప్రతిజ్ఞ’ తీశారు. అందులో గంగ వేషం పెగ్గీ కాస్టెల్లో అనే ఆంగ్లో ఇండియన్ యువతిది. మూకీలో ఎవరైనా సరిపోతారు, పెదవి కదిపితే చాలు.

టాకీ వచ్చి ఈ వెసులుబాటును పోగొట్టింది. 1931 మార్చిలో ‘ఆలం ఆరా’ తీసిన అర్దేషిర్ ఇరానీ దగ్గర పనిచేస్తున్న హెచ్.ఎం.రెడ్డికి దక్షిణాది భాషల బాధ్యత దక్కింది. అక్టోబర్ చివర విడుదలైన, తమిళమూ తెలుగూ కలగలిసిన ‘కాళిదాసు’ నాయిక టి.పి.రాజలక్ష్మి, ఆమెదీ తమిళ నాటకరంగమే. తర్వాత పూర్తి తెలుగు సినిమా. హీరోయిన్‌కు తెలుగు రావాలి, పద్యం రావాలి, పాట రావాలి. ప్లేబ్యాక్ అన్న మాట లేదు. కెమెరా తిరుగుతుండగా నటించేవాళ్లే పాడాలి, తప్పుపోతే మళ్లీ మొదటికి. ఇవన్నీ తెలిసిన ఆడమనిషి కావాలంటే వెళ్లాల్సింది సురభి దగ్గరికే. రెడ్డి నటిని మాత్రమే తీసుకోలేదు. ధర్మవరంవారి నాటకం ఆధారంగా సురభివాళ్లు ఆడుతున్న ‘ప్రహ్లాద’ నాటకమే బొంబాయి ఇంపీరియల్ స్టూడియోలో సినిమాగా మారింది. చందాల కేశవదాసు పాటలు రాశారు. సంభాషణలు కంఠతా వచ్చిన బృందం, వందల రాత్రులు ఆడి అరగదీసిన వేషాలు. నిర్మాతకు ఇంతకన్నా తక్కువ ఖర్చులో తేలే దారి ఇంకోటి లేదు. తొలి తెలుగు టాకీని కళాసాహసంగా వర్ణించే వ్యాసాలు చదివినప్పుడల్లా నాకు ఈ లెక్కే గుర్తొస్తుంది.

అదే 1932లో సాగర్ కంపెనీ ‘పాదుకా పట్టాభిషేకం’లో ఆమె సీత, ‘శకుంతల’లో శకుంతల. అంటే తెలుగు టాకీ మొదటి ఏడాదిలో నాయిక అంటే దాదాపు కమలాబాయి ఒక్కరే. తర్వాత బొంబాయిలోనే ఉండి కొన్నేళ్లు హిందీ చిత్రాల్లోనూ చేశారు.

ఇక్కడ మాత్రం దారి వెడల్పయింది. సినిమాలో డబ్బుందని తెలిశాక మిగతా స్టేజీల మీది ఆడవాళ్లూ వచ్చారు. సొంత నాటక సమాజం నడిపి, మగవేషాల్లోనూ పేరు తెచ్చుకున్న దాసరి కోటిరత్నం 1935లో ‘సతీ సక్కుబాయి’లో నటించడమే కాక నిర్మాణంలోనూ దిగారు. తెలుగులో తొలి మహిళా నిర్మాతగా ఆమెనే చెబుతారు. అదే ఏడాది ‘హరిశ్చంద్ర’లో చంద్రమతిగా వచ్చారు ఏలూరు కన్నాంబ. నాటకాల్లో పండిన గొంతు, రౌద్రంలోనూ శోకంలోనూ మాట విరుపులో తిరుగులేని మనిషి. భర్త కడారు నాగభూషణంతో కలిసి రాజరాజేశ్వరి ఫిలిమ్స్ నడిపారు. ఋష్యేంద్రమణి, జి.వరలక్ష్మి కూడా నాటకాల నుంచే వచ్చారు. కాకినాడ యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్ నుంచి అంజలీదేవి, విజయవాడ నాటకాల నుంచి సావిత్రి, ప్రజానాట్యమండలి ‘మా భూమి’లో కనిపించి గరికపాటి రాజారావు ‘పుట్టిల్లు’తో తెరకెక్కిన జమున. వీళ్ల కాలానికి సంసారుల ఇంటి ఆడపిల్ల స్టేజీ ఎక్కడం అరుదే గాని వింత కాదు. ఈ మార్పులో సినిమా తెచ్చిన హోదాకు ఎంత వాటా ఉందో, అంతకు ముందే ఊరూరా డేరా వేసి ఆడవాళ్లను ఆడవాళ్లుగా చూపించిన సురభికీ అంత ఉందని నా నమ్మకం.

‘భక్త ప్రహ్లాద’ ప్రింటు మనకు దక్కలేదు. పాతికేళ్ల వయసులో లీలావతి ఎలా కనిపించిందో, ఎలా పాడిందో ఊహించుకోవాల్సిందే. కమలాబాయిని చూడాలనుకుంటే తేలికైన దారి 1951 నాటి ‘పాతాళ భైరవి’. తోటరాముడి తల్లి కాంతమ్మ ఆమే. కొడుకు రాకుమారి మీద మనసుపడ్డాడని తెలిసి బెంబేలెత్తే పేదతల్లి. ఎస్వీ రంగారావు మాంత్రికుడి ముందు, ఎన్టీఆర్ సాహసాల ముందు చిన్న పాత్రే. అయినా ఆమె మాటలో నాటకాల సాగదీత కనబడదు. మైకు ముందు గొంతు ఎంత తగ్గించాలో ఇరవై ఏళ్లలో నేర్చుకున్నారని అర్థమవుతుంది. ఆమె తరం స్టేజీ నటుల్లో చాలామందికి ఈ సంగతి చివరిదాకా పట్టుబడలేదు. 1971లో ఆమె పోయారు. స్థానం నరసింహారావు పోయిందీ ఆ ఏడాదే.

సురభి మాత్రం కొనసాగుతోంది. ఒకప్పుడు ముప్పైకి పైగా సమాజాలుండేవి, ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. హైదరాబాద్ లింగంపల్లి దగ్గర సురభి కాలనీ ఉంది. 1996లో కన్నడ నాటక దర్శకుడు బి.వి.కారంత్ వీళ్లతో కలిసి కొత్త పద్ధతి నాటకాలు చేయించారు. శ్రీ వెంకటేశ్వర నాట్యమండలిని నడిపిన రేకందార్ నాగేశ్వరరావుకు, అంటే అందరికీ తెలిసిన సురభి బాబ్జీకి, 2013లో పద్మశ్రీ వచ్చింది. జనం టిక్కెట్టు కొని చూసేది ఇప్పటికీ ‘మాయాబజార్’, ‘భక్త ప్రహ్లాద’, ‘పాతాళ భైరవి’. లీలావతి, కాంతమ్మ వేషాలు ఇప్పుడూ ఆ కుటుంబాల ఆడవాళ్లవే.