పంపు మీద 160 అని ఉంటే మంచి పంపేనా?

లంగర్‌హౌస్‌లో నాది సైకిల్ రిపేరు షాపు. ఆదివారం పొద్దున గండిపేటకో, నార్సింగి సోలార్ ట్రాక్‌కో వెళ్లేవాళ్లు గాలి కోసం ఆగుతుంటారు. మొన్న ఒకాయన కొత్త ఫ్లోర్ పంపు (నేల మీద నిలబెట్టి కొట్టేది) చంకలో పెట్టుకుని వచ్చాడు. "అన్నా, 160 పీఎస్‌ఐ అని చూసి కొన్నా. కొట్టీ కొట్టీ చేతులు పడిపోతున్నాయి, టైరు మాత్రం గట్టిపడట్లేదు. పంపు ఖరాబుందా?"

పీఎస్‌ఐ అంటే గాలి ప్రెషర్ కొలత. పంపు బాగానే ఉంది. ఆయనది లావు టైర్ల ఎంటీబీ (కొండదారుల సైకిల్), పంపేమో రోడ్ బైక్ (సన్న టైర్ల స్పీడు సైకిల్) కోసం చేసిన సన్న గొట్టంది. గొట్టం అంటే హ్యాండిల్ కిందికి దిగే పంపు ఒళ్లు. ఈ నెలలో ఇలా రావడం ఇది నాలుగోసారి.

అపోహ: పీఎస్‌ఐ అంకె ఎంత పెద్దదైతే పంపు అంత మంచిది.

వాస్తవం: ఆ అంకె పంపు ఎంత ప్రెషర్ దాకా పోగలదో చెబుతుంది. మీ టైరు ఎంత తొందరగా నిండుతుందో చెప్పదు. మనిషి బరువును బట్టి కొంచెం అటూ ఇటూ అయినా, ఎంటీబీకి 30 నుంచి 45, హైబ్రిడ్‌కి (ఈ రెండింటికీ మధ్యరకం) 50 నుంచి 70 చాలు. 80 దాటే పని రోడ్ బైక్ సన్న టైర్లకే.

చిన్న లెక్క చెబుతాను. గొట్టం లోపలి వెడల్పు 30 మిల్లీమీటర్లయితే, 100 పీఎస్‌ఐ దగ్గర హ్యాండిల్ దిగాలంటే దాదాపు 50 కిలోల బరువు వేయాలి. అదే 38 మిల్లీమీటర్ల గొట్టమైతే 80 కిలోలు. 55 కిలోల మనిషి దాని మీదెక్కి వేలాడినా దిగదు. కానీ మీకు కావాల్సింది 40 పీఎస్‌ఐ అయితే ఆ లావు గొట్టానికి 32 కిలోలు చాలు, పైగా ఒక్కో దెబ్బకి ఒకటిన్నర రెట్లు పైనే గాలి పోతుంది. అందుకే ముందు మీ టైరు చూసుకోండి, తర్వాత గొట్టం చూడండి. డబ్బా మీది అంకె ఆఖర్న.

ఇంకో నష్టం మీటరుతో. 160 దాకా గీతలున్న చిన్న డయల్‌లో 35 ఎక్కడుందో, 42 ఎక్కడుందో కళ్లద్దాలు పెట్టుకున్నా కనబడదు. మీకు కావాల్సిన అంకె డయల్ మధ్యలో పడే పంపు తీసుకోండి. రెండు వేల లోపే దొరుకుతుంది.

మీటరెందుకు, వేలితో నొక్కితే తెలియదా అంటారు. నేనూ అలాగే అనేవాణ్ణి. కొన్నేళ్ల కింద అనంతగిరి వెళ్తూ, నొక్కి చూసి "గట్టిగానే ఉంది" అనుకున్నా. వికారాబాద్ దాటక ముందే ఒక గుంతలో పడ్డా. ట్యూబుకి పక్కపక్కనే రెండు చిల్లులు, పాము కాటేసినట్టు. గాలి తక్కువైతే గుంతలో పడ్డప్పుడు రిమ్ముకీ రోడ్డుకీ మధ్య ట్యూబు నలిగి అలా అవుతుంది. సన్న టైరులో 60కీ 90కీ తేడా బొటనవేలికి అందదు. మేకు గుచ్చుకుందని రోడ్డును తిట్టుకుంటూ నా దగ్గరికి వచ్చే పంచర్లలో చాలావరకు ఇవే.

మిగతావి గబగబా చెప్పేస్తా. పంపు తీస్తుంటే "సుస్" అని వచ్చేది చాలావరకు పైపులో మిగిలిన గాలి, టైరుది కాదు. ప్రెస్టా వాల్వుకి (రోడ్ బైక్‌లకుండే సన్న వాల్వు) పంపు పెట్టగానే మీటరు సున్నా చూపిస్తే టెన్షన్ వద్దు, ఒకటి రెండు దెబ్బలు కొడితే ముల్లు లేస్తుంది. టైరు మీద రాసి ఉండేది గరిష్ఠం, అంత నింపమని కాదు. పెట్రోల్ బంకులో ఉండేది మోటారు బండ్ల వాల్వుకి పట్టే పైపు, ప్రెస్టాకి పట్టదు.

ఎండాకాలం టైరు పేలుతుందని ఒక రిటైర్డ్ టీచరమ్మ సగం గాలితోనే నెక్లెస్ రోడ్డు చుట్టేవారు. ఆమె భయం నాకు అర్థమైంది, ఆ మాట అంటించినవాళ్ల మీదే కోపం. 30 డిగ్రీల నుంచి 45కి వేడెక్కితే 60 పీఎస్‌ఐ టైరులో పెరిగేది నాలుగు లోపే. కాగితం మీద లెక్క వేసి చూపిస్తే నవ్వి, "నింపేయ్ బాబూ" అన్నారు.

కొనేటప్పుడు అడుగు భాగం ఇనుమా ప్లాస్టిక్కా చూడండి. నేను మొదట కొన్న పంపు ప్లాస్టిక్ పాదం రెండో నెలలోనే కాలి కింద ఫట్‌మంది. ఇంకో మాట షాపతన్ని అడగండి: లోపలి వాషర్ విడిగా దొరుకుతుందా? నాన్న కాలం ఇనుప పంపులో తోలు వాషర్ ఉండేది, ఎండిపోతే నూనె రాసి మళ్లీ బిగించేవాడు. ఇప్పటి రబ్బరు వాషర్ అరిగితే మార్చడానికి పది నిమిషాలు, కానీ అది దొరకాలిగా.