విశ్వానికి మొదలుందా, అనాదిగా ఉందా? అపోహలు – వాస్తవాలు

అపోహ: 1380 కోట్ల సంవత్సరాల కిందట విశ్వం శూన్యంలోంచి పుట్టిందని బిగ్ బ్యాంగ్ సిద్ధాంతం రుజువు చేసింది.

వాస్తవం: రుజువైంది అది కాదు. ఇప్పుడు మనకు కనిపించే విశ్వమంతా అప్పట్లో విపరీతమైన వేడితో, సాంద్రతతో ఉండేది. అక్కణ్ణుంచి విస్తరిస్తూ, చల్లబడుతూ వచ్చింది. రుజువైంది ఇంతవరకే. ఆ వేడి దశే మొట్టమొదటిదా, అంతకుముందు ఇంకేమైనా ఉందా అన్నది వేరే ప్రశ్న. అది ఇంకా తేలలేదు.

ప్రసంగం ఎక్కడ పెట్టినా ఈ రెండు ప్రశ్నల్నీ కలిపేసి అడుగుతారు. దానివల్ల నష్టం చాలా ఉంది. "మొదలు సంగతి తేలలేదు" అని శాస్త్రవేత్త ఎవరైనా అంటే చాలు, "బిగ్ బ్యాంగ్ తప్పని వాళ్లే ఒప్పుకున్నారు" అంటూ వీడియోలు వచ్చేస్తాయి. ఫిజిక్స్ చదవాలనుకునే పిల్లలేమో ఇదంతా ఊహాగానమే కాబోలని నీరుగారిపోతారు. దేవుడి మీద నమ్మకానికి ఇది దెబ్బేమోనని పెద్దవాళ్లు లోలోపల బాధపడతారు. వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. కానీ 1380 అనే అంకె ఆ విషయాన్ని అటూ తేల్చదు, ఇటూ తేల్చదు.

వేడి దశ ఊహ కాదనడానికి లెక్క చూడండి. మొదటి కొన్ని నిమిషాల్లో, ఉష్ణోగ్రత 100 కోట్ల డిగ్రీలకు దిగేసరికి, ప్రతి 7 ప్రోటాన్లకు ఒక న్యూట్రాన్ మిగులుతుంది. అంటే 14 ప్రోటాన్లకు 2 న్యూట్రాన్లు, మొత్తం 16 కణాలు. ఆ 2 న్యూట్రాన్లు 2 ప్రోటాన్లతో కలిసి ఒక హీలియం కేంద్రకం అవుతాయి. మిగిలిన 12 ప్రోటాన్లూ హైడ్రోజన్‌గానే ఉండిపోతాయి. 16లో 4 అంటే, బరువు ప్రకారం 25 శాతం హీలియం. నక్షత్రాల్లో తయారైన పదార్థం పెద్దగా కలవని చిన్న గెలాక్సీల్లో కొలిస్తే వచ్చేది కూడా 24, 25 శాతమే. బరువైన హైడ్రోజన్ అయిన డ్యుటీరియం సంగతి ఇంకా గట్టిది. నక్షత్రాలు దాన్ని మండించేస్తాయే గానీ మిగల్చవు. అయినా లక్ష హైడ్రోజన్ పరమాణువులకు రెండున్నర చొప్పున కనిపిస్తోందంటే, అది నక్షత్రాలకు ముందే తయారై ఉండాలి.

1948లో హాయిల్, బాండీ, గోల్డ్ ప్రతిపాదించిన స్థిరస్థితి సిద్ధాంతం విశ్వం ఎప్పుడూ ఇలాగే ఉందని చెప్పింది. మన జయంత్ నార్లీకర్ కూడా చివరిదాకా ఆ దారిలోనే ఆలోచించారు. అందులో అవమానమేమీ లేదు. కానీ కొలతలు దానికి అనుకూలంగా రాలేదు. ఆ వేడి దశ నుంచి మిగిలి, విశ్వమంతటా వ్యాపించిన మైక్రోవేవ్ కాంతి ఉష్ణోగ్రత ఇవాళ 2.725 కెల్విన్. విశ్వం చల్లబడుతూ వచ్చిందన్న మాట నిజమైతే, రెడ్‌షిఫ్ట్ 2.418 దగ్గర, అంటే విస్తరణ వల్ల కాంతి తరంగాలు 3.418 రెట్లు పొడవైనంత దూరంలో, అది 2.725ను 3.418తో గుణించినంత, అంటే 9.3 కెల్విన్ ఉండాలి. పుణెలోని ఖగోళ పరిశోధన సంస్థ ఐయూకా శాస్త్రవేత్త శ్రీఆనంద్, సహచరులు చిలీలోని వెరీ లార్జ్ టెలిస్కోప్‌తో 2008లో దీన్ని కొలిచారు. ఒక క్వాసార్‌కు (చాలా దూరాన విపరీతంగా వెలిగే గెలాక్సీ కేంద్రానికి) అడ్డంగా ఉన్న మేఘంలో కార్బన్ మోనాక్సైడ్ అణువులు ఎంత వేడిలో ఉన్నాయో చూస్తే 9.15 కెల్విన్ వచ్చింది, 0.72 అటూ ఇటూగా. ఆ కాంతి బయల్దేరి సుమారు 1100 కోట్ల సంవత్సరాలైంది.

అంటే "ఎప్పుడూ ఒకేలా ఉంది" అన్నది పోయింది. "ఏదో ఒక రూపంలో ఎప్పుడూ ఉంది" అన్నది మాత్రం పోలేదు. వెనక్కి లెక్కగట్టుకుంటూ పోతే, సెకనులో లక్ష కోట్లవ వంతు నాటి పరిస్థితుల దాకా మనకు తెలిసిన ఫిజిక్స్‌ను కణాలను ఢీకొట్టించే సెర్న్ ప్రయోగశాలలో పరీక్షించి చూశాం. అంతకు ముందుకు వెళ్లేకొద్దీ ఆధారాలు పలచబడతాయి. దశాంశ బిందువు తర్వాత 42 సున్నాలు పెట్టి 1 వేస్తే వచ్చే సెకను భాగం దగ్గర ఐన్‌స్టీన్ గురుత్వ సిద్ధాంతమైన సాధారణ సాపేక్షత ఒక్కటే ఇక సరిపోదు, దాన్ని సూక్ష్మకణాల నియమాలతో కలిపే క్వాంటం గురుత్వం కావాలి. పుస్తకాల్లో సున్నా సెకను దగ్గర కనిపించే సింగ్యులారిటీ ఒక వస్తువు కాదు. సమీకరణం ఇక పనిచేయనని చెప్పే చోటు అది.

అపోహ: 2003 నాటి బోర్డే–గూత్–విలెంకిన్ సిద్ధాంతంతో ఆరంభం ఖాయమైపోయింది.

వాస్తవం: సగటున విస్తరిస్తూ వచ్చిన విశ్వాన్ని గతంలోకి అనంతంగా పొడిగించలేమని మాత్రమే అది చెబుతుంది. ఆ హద్దుకు అవతల ఏముందో చెప్పదు. ముందు సంకోచించి తర్వాత విస్తరించిన విశ్వమైతే "సగటున విస్తరణ" అన్న షరతే వర్తించకపోవచ్చు. అభయ్ అష్టేకర్ బృందం 2006లో క్వాంటం గురుత్వంలో ఒక పద్ధతి అయిన లూప్ క్వాంటం లెక్కలతో చూపింది అలాంటి మలుపునే. హార్టిల్, హాకింగ్‌ల 1983 ప్రతిపాదనలోనైతే కాలానికి హద్దూ లేదు, అనంతమైన గతమూ లేదు.

అపోహ: విశ్వం కంటే పాత నక్షత్రం దొరికింది.

వాస్తవం: తులారాశిలోని హెచ్‌డీ 140283కు 2013లో కట్టిన వయసు 1446 కోట్ల సంవత్సరాలు. దాని పక్కనే "80 కోట్లు అటూ ఇటూ" అని ఉంది. పుకార్లు పుట్టించేవాళ్లు వదిలేసేది ఆ ముక్కనే. తర్వాతి లెక్కల్లో అది 1200 కోట్లకు దిగింది.

అపోహ: జేమ్స్ వెబ్ అంతరిక్ష టెలిస్కోప్ బిగ్ బ్యాంగ్‌ను కొట్టేసింది.

వాస్తవం: లేదు. విశ్వానికి 30 కోట్ల ఏళ్లు నిండకముందే అంత వెలుగున్న గెలాక్సీలు ఎలా తయారయ్యాయన్నది నక్షత్రాలు పుట్టే వేగానికి సంబంధించిన ప్రశ్న. విశ్వం ఇప్పుడు ఎంత వేగంగా విస్తరిస్తోందో చెప్పే హబుల్ స్థిరాంకం 67.4నా, 73నా అన్న తగువు కూడా అంతే. 73 అయితే వయసు ఏ 1270 కోట్లకో తగ్గుతుంది తప్ప అనంతం కాదు.

అపోహ: పురాణాల్లో ఈ అంకె ఎప్పుడో చెప్పారు.

వాస్తవం: కల్పం 432 కోట్ల సంవత్సరాలు. ఇది 1380 కాదు. పురాణానికి గౌరవం కావాలంటే ఈ అతుకులు అక్కర్లేదు.

అపోహ: మొదలు సంగతి ఎప్పటికీ తేలదు, ఒట్టి తత్వచర్చ.

వాస్తవం: కొలవగలిగింది ఉంది. వేడి దశకు ముందు ఇన్‌ఫ్లేషన్ (అతి కొద్ది క్షణంలో విపరీతమైన విస్తరణ) జరిగి ఉంటే గురుత్వ తరంగాలు పుట్టాలి, మైక్రోవేవ్ కాంతి ధ్రువణంలో (కాంతి తరంగాలు ఊగే దిశలో) వాటి ముద్ర ఉండాలి. సాంద్రతలోని హెచ్చుతగ్గుల పవర్‌తో పోలిస్తే ఆ గురుత్వ తరంగాల పవర్ (తీవ్రత) 3.6 శాతం మించదని దక్షిణ ధ్రువంలోని బైసెప్/కెక్ బృందం 2021లో తేల్చింది. సంకోచంతో మొదలయ్యే కొన్ని నమూనాల్లో అయితే ఈ ముద్ర దాదాపు ఉండకూడదు. అది దొరికిన రోజున అవి పక్కకు పోతాయి. చిలీలోని అటకామా ఎడారిలో సైమన్స్ అబ్జర్వేటరీ ఇప్పుడు దాని కోసమే వెతుకుతోంది.