లంకల మీద కనిపించే వెలుగుల గురించి పిల్లలకు ఉత్తరం

చిరంజీవులు మనవలకు, మనవరాళ్ళకు, వాళ్ళ స్నేహితులందరికీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న సాయంత్రం పూసలు గుచ్చినట్టు ఆకాశంలో వెలుగులు వరసగా పోయాయని, అవి గ్రహాంతరవాసుల నౌకలని ఫోన్లలో తిరుగుతోందని, నిజమేనా అని అడిగారు. దానికి ఒక్క ముక్కలో జవాబు చెప్పొచ్చు. కానీ మన గోదావరి లంకల్లో ఇలాంటి కబుర్లు ఇవాళ్టివి కావు. అందుకని ఉత్తరం కాస్త పెద్దదే రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందుగా ఒక మాట. చూశామన్నవాళ్ళని అబద్ధాలకోరులు అనకండి. ఈ కబుర్లు మనదాకా తెచ్చినవాళ్ళు రాత్రంతా చేను కాపలా కాసినవాళ్ళు, వలకి వెళ్ళినవాళ్ళు, రేవులో పంటు నడిపినవాళ్ళు. ఆకాశాన్ని మనకన్నా ఎక్కువ చూసినవాళ్ళు. వాళ్ళకి వెలుగు కనిపించిన మాట నిజం. అదేమిటన్నదే తేల్చుకోవాలి.

నా చిన్నప్పుడు లంకపొలాల్లో రాత్రిపూట కదిలే దీపం కనిపిస్తే కొరివిదెయ్యం అనేవారు. పీతల కోసం కాగడా పట్టుకుని తిరిగే మనిషి దూరానికి ఆనడు, కాగడా ఒక్కటే ఆనుతుంది. అతను గట్టు చాటుకి దిగితే దీపం ఆరిపోయినట్టుంటుంది, పైకెక్కితే ఇంకోచోట వెలిగినట్టుంటుంది. ఆ తర్వాత ఎగిరే పళ్ళాల కాలం వచ్చింది. 1947 జూన్‌లో అమెరికాలో కెన్నెత్ ఆర్నాల్డ్ అనే పైలట్ రెయినియర్ కొండ దగ్గర తొమ్మిది మెరిసే వస్తువుల్ని చూశానన్నాడు. నీళ్ళమీదికి విసిరిన సాసరు ఎగిరెగిరి పోయినట్టు పోయాయని వాటి నడక గురించి చెబితే, పత్రికలు వాటి ఆకారమే సాసరన్నట్టు రాశాయి. ఇక అక్కణ్ణుంచి జనానికి పళ్ళాలే కనిపించడం మొదలైంది. మనిషి కన్ను తను విన్నదాన్ని వెతుక్కుంటుంది. ఈ సంగతి నాకు చాలా ముఖ్యంగా తోస్తుంది, అందుకే అంత దూరం తీసుకెళ్ళాను మిమ్మల్ని.

మన డెల్టాకి ఇంకో ప్రత్యేకత ఉంది. నేల చదును, కొండ అడ్డం లేదు. సముద్రం వైపు నిలబడితే నక్షత్రం దాదాపు నేల అంచుదాకా కనిపిస్తుంది. అంత కిందున్న నక్షత్రం కాంతి మందమైన గాలిపొరల్లోంచి రావాలి. డిసెంబరు చివర్లో రాత్రి ఏడున్నరకి తూర్పు నుంచి కాస్త ఆగ్నేయానికి తిరిగి చూడండి. లుబ్ధకుడు, అంటే సిరియస్ నక్షత్రం, అప్పుడే పైకి వస్తుంటుంది. ఎర్రగా, పచ్చగా, నీలంగా రంగులు మార్చుకుంటూ కొట్టుకుంటుంది. కొబ్బరాకులు గాలికి ఊగుతుంటే ఆ సందుల్లోంచి చూసినవాళ్ళకి అటూ ఇటూ కదిలినట్టే ఉంటుంది. ఏటిగట్టు మీద బండి మీద పోతుంటే మన వెంటే వస్తున్నట్టుంటుంది కూడా. మాఘమాసంలో రాత్రి తొమ్మిదింటికి సరిగ్గా దక్షిణాన, సముద్రం మీద రెండు పిడికిళ్ళ ఎత్తులో అగస్త్యుడు, అంటే కానోపస్ నక్షత్రం, కనిపిస్తాడు. శుక్రుడి సంగతి చెప్పక్కర్లేదు, రాత్రి ఆకాశంలో చంద్రుడి తర్వాత అంత వెలుగు దానిదే.

కింద మంట పైన వెలుగై కనిపించడమూ మనకి తెలిసిందే. 1995 జనవరి 8న పాశర్లపూడి దగ్గర గ్యాస్ బావి బ్లోఅవుట్ అయింది, అంటే లోపలి గ్యాస్ అదుపు తప్పి పైకి తన్నుకొచ్చింది. 65 రోజులు మండింది, మార్చి 15న గానీ ఆర్పలేకపోయారు. మీ అమ్మానాన్నల్ని అడగండి, ఆ రోజులు గుర్తున్నవాళ్ళు చాలామందే ఉంటారు. అలాంటి మంట కాంతి మబ్బుల అడుగున పడితే, మంట కనిపించనంత దూరంలో ఉన్నవాళ్ళకి కూడా మబ్బు కదులుతూ వెలుగుతున్నట్టు కనిపిస్తుంది.

ఇక మీరడిగిన పూసల వరస. అవి ఇంటర్నెట్ అందించే స్టార్‌లింక్ ఉపగ్రహాలు. 2019 మేలో మొదటి గుంపుగా 60 ఉపగ్రహాల్ని ఒకే రాకెట్‌లో పంపారు, అప్పట్నించీ పంపుతూనే ఉన్నారు. వదిలిన కొత్తలో దగ్గరదగ్గరగా నడుస్తాయి, రోజులు గడిచేకొద్దీ దూరం జరుగుతాయి. మనకి పొద్దుగూకినా కొన్ని వందల కిలోమీటర్ల పైన ఇంకా ఎండ ఉంటుంది. ఆ ఎండే వాటిమీద పడి మనకి కనిపిస్తుంది. నడి ఆకాశంలో ఉండగానే ఒక్కొక్కటీ టక్కున మాయమైందంటే భయపడకండి, భూమి నీడలోకి వెళ్ళిందన్నమాట.

నైరుతి మూల లేచిన వెలుగైతే శ్రీహరికోటని తలుచుకోండి. అమలాపురానికి అది దాదాపు 370 కిలోమీటర్లు. ఆకాశం తేటగా ఉంటే రాత్రి ప్రయోగం ఇక్కడికి ఎర్రటి చుక్కలా కనిపించగలదు, చప్పుడు మాత్రం రాదు. 2024 డిసెంబరు 30న స్పేడెక్స్ ఉపగ్రహాలతో పీఎస్ఎల్‌వీ రాకెట్ అక్కణ్ణుంచి లేచింది రాత్రి పది గంటలకే. ఒడిశా తీరాన క్షిపణి పరీక్షలూ ఉన్నాయి. 2022 డిసెంబరు 15 సాయంత్రం అగ్ని-5ని పరీక్షించినప్పుడు బెంగాల్ జనం ఆ వింత వెలుగు చూసి నానా రకాలుగా అనుకున్నారు.

అన్నీ తేలిపోయాయా అంటే, లేదు. అమెరికా వైమానిక దళం ప్రాజెక్ట్ బ్లూ బుక్ పేరుతో 1969 దాకా, ఆకాశంలో ఇలాంటి వింతలు చూశామన్న 12,618 ఫిర్యాదులు పరిశీలించింది. అందులో 701 తేలలేదు. తేలనంత మాత్రాన అవి వేరే లోకపు నౌకలు అయిపోవు. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా వేసిన 16 మంది నిపుణుల బృందం కూడా 2023 సెప్టెంబరులో ఇచ్చిన నివేదికలో గ్రహాంతరవాసులకు ఆధారం దొరకలేదంది. సరైన కొలతలతో సమాచారం లేకపోవడమే పెద్ద ఇబ్బంది అంది. మన లంకల కబుర్లలో లోటూ అదే. "ఓ రాత్రి, అటేపు, పెద్ద వెలుగు" అంటే ఇప్పుడు ఎవరు మాత్రం ఏం తేల్చగలరు?

అందుకని మీకో పని. ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. వెలుగు కనిపించగానే గడియారం చూసి టైము రాయండి. ఏ దిక్కో రాయండి. చెయ్యి చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు ఆకాశంలో సుమారు 10 డిగ్రీలు. నేల అంచు నుంచి ఎన్ని పిడికిళ్ళ ఎత్తో కొలవండి. ఎంతసేపు ఉంది, మిణుకుమందా, చప్పుడొచ్చిందా అన్నవీ రాయండి. ఫోన్‌లో తీస్తే జూమ్ చెయ్యకండి. ఫోకస్ తప్పితే చిన్న చుక్క కూడా గుండ్రటి పళ్ళెంలా కనిపిస్తుంది, ఫోన్లలో తిరిగే వీడియోలు కొన్ని అలాంటివే. పక్కన కరెంటు స్తంభమో కొబ్బరిచెట్టో పడేలా, ఫోన్ గోడకి ఆనించి తీయండి.

చేలో ఏదైనా పడి కనిపిస్తే ముట్టుకోకండి, పెద్దవాళ్ళకీ పోలీసులకీ చెప్పండి. 2022లో వికారాబాద్ జిల్లాలో దిగిన వింత గుండ్రటి వస్తువు పరిశోధన బెలూన్ మోసుకెళ్ళిందని తర్వాత తెలిసింది.

సంక్రాంతికి వచ్చినప్పుడు పుస్తకాలు తెచ్చుకోండి. మీరు రాసిన తేదీల్ని శ్రీహరికోట ప్రయోగాల తేదీల పక్కన పెట్టి చూద్దాం. దేనికీ కలవనివి మిగిలితే వాటికి ఎర్ర సిరాతో గుర్తు పెడదాం.

ఆశీస్సులతో,
తాతయ్య